పిన్నీసు ఆడిన ఆట

ఆ ఆదివారం ఉదయం తందాన వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. లేవాలి, స్నానం చేయాలి, కాఫీ తాగాలి, ఆఫీసు గోడౌనుకు వెళ్ళి అందరి ముందూ షటిల్ ఆటలో చిత్తుగా ఓడిపోవాలి, భోజనం వేళకు ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని పడుకోవాలి.

తందాన అన్నది అతని అసలు పేరు కాదు. మేనేజరు "ఇవాళ ఎండగా ఉందయ్యా" అంటే "మాడిపోతోంది సార్" అంటాడు. అదే మేనేజరు అద్దాలు తుడుచుకుని "కాదులే, చల్లగానే ఉంది" అంటే "వణుకొచ్చేస్తోంది సార్" అని చేతులు కట్టుకుంటాడు. అలా వచ్చిన బిరుదు అది. అసలు పేరు పెళ్ళిపత్రిక అచ్చు వేసినవాడికి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు.

పనిచేసేది కాటాలు తయారుచేసే కంపెనీలో. బల్ల కాటాలు, వేలాడే కాటాలు, బస్తాలు తూచే పెద్ద కాటాలు, ఏది తయారైనా దానిమీద తూకపు రాళ్ళు పెట్టి, ముల్లు సరిగ్గా నిలబడిందో లేదో చూసి సీలు వేయడం తందాన ఉద్యోగం. ఆ పనిలో మాత్రం వేలెత్తి చూపడానికి లేదు. ముల్లు వెంట్రుకవాసి పక్కకు ఒరిగినా ఒప్పుకోడు. తను మాత్రం మేనేజరు ఎటుంటే అటు నిలువునా ఒరిగిపోతాడు.

ఈ మేనేజరుకు డాక్టరెవరో పొట్ట తగ్గించుకోమని చెప్పాడట. దాంతో గోడౌన్లో పెట్టెలన్నీ ఒక పక్కకు నెట్టించి, నేలమీద తెల్లరంగుతో గీతలు గీయించి, వల కట్టించాడు. పొట్ట తగ్గలేదు గానీ, తను గొప్ప ఆటగాణ్ణన్న నమ్మకం మాత్రం బాగా పెరిగింది. పెరగదా మరి? రోజూ ఆఫీసు తెరవకముందే ఆడతాడు, రోజూ గెలుస్తాడు. గెలిపించే బాధ్యత తందానది.

ఓడిపోవడమంటే చేతగానితనం అనుకునేవాళ్ళు తందాన ఆట చూడలేదన్నమాట. కాక్ ఎదురుగా మెల్లగా ఊగుకుంటూ వస్తుంది. కళ్ళు మూసుకున్నా తగిలేటట్టు ఉంటుంది. దాన్ని ఎవరికీ అనుమానం రాకుండా వదిలేయాలంటే మాటలా? ప్రాణం పోతున్నట్టు పరిగెత్తాలి, వంగాలి, చెయ్యి చాచాలి, కాక్‌కు బెత్తెడు ఇవతల గాలిని కొట్టాలి, ఆపైన మోకాలు పట్టుకుని "అబ్బ, ఏం కొట్టారు సార్! కంటికి ఆనితేనా!" అని రొప్పాలి. మూడేళ్ళుగా ఇదే సాధన. దీనిమీద పెట్టిన శ్రమ ఏ సంగీతం మీదో పెట్టి ఉంటే ఈపాటికి శాలువాలు కప్పేవాళ్ళు.

ఈ విద్యలో అతనికి పోటీ ఒక్కడే, డిస్పాచ్ గుమాస్తా. అతని బిరుదు గొడుగు. వాన ఉన్నా లేకపోయినా మేనేజరు కారు దిగగానే గొడుగు పట్టుకుని ఎదురు పరిగెడతాడు. ఒకసారి గోడౌను లోపల కూడా పట్టాడని చెప్పుకుంటారు, పైకప్పు మీద నమ్మకం లేకనేమో.

ఇద్దరూ రోజులు బాగానే గడుపుకుంటూ ఉండగా పెద్దాఫీసు నుంచి కబురొచ్చింది. కొండమీది డిపోకు ఇక్కణ్ణుంచి ఒక మనిషిని పంపాలి. తందానైనా సరే, గొడుగైనా సరే. ఎవరన్నది ఆదివారం పెద్దసార్ స్వయంగా వచ్చి తేలుస్తాడు. కొండమీది డిపో అంటే ఏడాది పొడుగునా మంచు, ఆరేసిన బట్టలకు బూజు, పొద్దున ఒక బస్సు, ఆ బస్సు తప్పితే మర్నాటి బస్సు. తందాన భార్య ఇంటి ముందు గదిలో కుట్టుపని చేస్తుంది. రెండు మిషన్లు, చేతినిండా బేరం. ఆవిడ కబురు వినగానే తేల్చేసింది. "నేను రాను. మీరు వెళ్ళండి, వండుకు తినండి" అంది. వంటింట్లో తందానకు తెలిసిన విద్య మంచినీళ్ళ బిందె మూత తీయడం ఒక్కటే. అందుకే ఆ ఆదివారం అతనికి చావుబతుకుల సమస్య అయి కూర్చుంది.

శనివారం సాయంత్రం మేనేజరు ఇద్దరినీ తన గదిలోకి పిలిచాడు.

"చూడండయ్యా, పెద్దసార్‌కి షటిలంటే ప్రాణం. రేపు గుమాస్తా ఆయన పక్కన ఆడతాడు. నువ్వు నా పక్కన. పెద్దసార్ గెలవాలి. కానీ మనం గెలిపించినట్టు ఉండకూడదు."

"చిత్తం సార్" అన్నాడు తందాన.

"నేను బాగా ఆడినట్టు కూడా ఉండాలి."

"మీరు బాగా ఆడకపోవడం ఎప్పుడైనా జరిగిందా సార్?" గొడుగు అందుకున్నాడు. ఆ మాట తనకు తట్టనందుకు తందాన పళ్ళు కొరుక్కున్నాడు.

"మరి నేను బాగా ఆడాలి, మా జట్టు ఓడాలి. ఎట్లా?"

తందాన ఒక అడుగు ముందుకేసి గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. "ఆ దరిద్రమంతా నా నెత్తిన వేసెయ్యండి సార్. నేనున్నది దేనికి?"

"అదీ మాటంటే! రేపు పెద్దసార్ మనసు ఎవడు సంతోషపెడితే వాడు ఇక్కడుంటాడు. రెండోవాడు స్వెట్టర్ కొనుక్కోవచ్చు."

తందాన ఆ రాత్రి కమ్మగా నిద్రపోయాడు. ఓడిపోవడం తనకు వెన్నతో పెట్టిన విద్య.

పొద్దున్నే ఒక చిక్కొచ్చి పడింది. అందరూ తెల్లబట్టల్లో రావాలన్నాడు మేనేజరు. తందానకు తెల్లపాంటు లేదు. ఇంట్లోనే ఉండి చదువుకుంటున్న బావమరిదికి ఉంది. అతను నిజంగానే షటిల్ ఆడతాడు, మనిషి కూడా దిట్టంగా ఉంటాడు. ఆ పాంటు తందాన నడుముకు ఆనుకుని నిలబడడానికి ఏ ఆధారమూ కనబడలేదు. ఎలాస్టిక్ ఎప్పుడో సాగిపోయింది.

"ఏమే, దీని నడుము కాస్త బిగించి పెట్టు" అంటూ భార్య దగ్గరకు వచ్చాడు, రెండు చేతులా పాంటు పట్టుకుని.

ఆవిడ మిషను ఆపలేదు. "పిల్లల యూనిఫారాలు ఇవాళే ఇవ్వాలి. తర్వాత చూస్తాను."

"ఊరందరికీ కుడతావు, మొగుడి పాంటుకు నాలుగు కుట్లు వెయ్యలేవా?"

"ఊళ్ళోవాళ్ళు తిరగడానికీ చదువుకోవడానికీ వేసుకుంటారండీ. మీరు ఓడిపోవడానికి వేసుకుంటున్నారు. దానికి కొత్త ఎలాస్టిక్ దండగ" అంటూ ఆవిడ డబ్బాలోంచి ఒక పెద్ద పిన్నీసు తీసి, పాంటు నడుము వెనకవైపు మడిచి గుచ్చేసింది. "వంగకండి, సరిపోతుంది."

"బావా, ఆ పాంటు నాకు భలే కలిసొచ్చింది. అది వేసుకుని నేనెప్పుడూ ఓడిపోలేదు" అన్నాడు బావమరిది తల దువ్వుకుంటూ.

"ఛీ, నోరు ముయ్యి! బయల్దేరేటప్పుడు ఏమిటా పాడుమాటలు!" అని కసిరి తందాన చెప్పులకోసం వెతికాడు.

గోడౌన్లో ఆఫీసువాళ్ళూ, వాళ్ళ ఇళ్ళవాళ్ళూ కుర్చీల్లో కూర్చున్నారు. తందాన భార్య కూడా వచ్చి, ఒక యూనిఫారం చొక్కా ఒళ్ళో పెట్టుకుని బొత్తాలు కుట్టుకుంటూ కూర్చుంది. ఆట తెలిసినవాడు కదాని పాయింట్లు చెప్పే పని బావమరిదికి అప్పగించారు. పెద్దసార్ వచ్చాడు. పేరుకు తగ్గ మనిషి. అడుగు వేస్తే పెట్టెల మీద దుమ్ము లేచింది. వల అవతల ఒకచోట నిలబడ్డాడంటే మళ్ళీ కదలడు. తన దగ్గరికి వచ్చిన కాక్‌ను మాత్రం దోమను కొట్టినట్టు కొడతాడు, తగిలితే తగిలినట్టు.

మొదటి కాక్ పెద్దసారే వేశాడు. అది వల మీదుగా ఈదుకుంటూ తందాన వైపు వచ్చింది. తందాన తన కళనంతా బయటికి తీశాడు. పరిగెత్తాడు, వంగాడు, చెయ్యి చాచాడు. గాలిని కొట్టేలోపు వెనక నడుము దగ్గర పిన్నీసు నోరు తెరిచి చటుక్కున కుట్టింది.

"హా!" అని కేకపెట్టి అంతెత్తు ఎగిరాడు. ఎగిరిన చేతిలో బ్యాటుంది, బ్యాటుకు కాక్ తగిలింది. అది గొడుగు చెవి పక్కనుంచి దూసుకుపోయి గీత మీద పడింది.

"పాయింటు మా బావది!" అని బావమరిది గోడౌను దద్దరిల్లేలా అరిచాడు. ఎవరో తెలియక చప్పట్లు కూడా కొట్టారు.

"ఏమయ్యా, ఇదేం పని?" మేనేజరు పెదవులు కదపకుండా అడిగాడు.

"పొరపాటు సార్. తగిలిపోయింది."

"తగలనివ్వకు!"

తగలనివ్వకూడదంటే వంగాలి. వంగితే పిన్నీసు కుడుతుంది. కుడితే ఎగురుతాడు. ఎగిరితే తగులుతుంది. ఇలా ఒక విష చక్రంలో పడ్డాడు తందాన. వంగకుండా ఊరికే నిలబడదామంటే పెద్దసార్‌కు అనుమానం వస్తుంది. పక్కకు తప్పుకుందామంటే పిన్నీసు కూడా పక్కకే వస్తోంది. ప్రతి పోటుకూ ఒక "హా!", ప్రతి "హా!" కూ ఒక పాయింటు. చూసేవాళ్ళకు అది యుద్ధానికి పోయేవాడి కేకలా వినిపించింది. ముందు వరసలో కూర్చున్నావిడ తందాన భార్యవైపు వంగి "మీవారిలో ఇంత ఆవేశం ఉందనుకోలేదండీ" అంది.

"నేనూ అనుకోలేదు" అంది ఆవిడ, సూదిలో దారం ఎక్కిస్తూ.

ఒకసారి కళ్ళు మూసుకుని ఎగిరిన ఎగురుకు బ్యాటు వెళ్ళి వెనకనున్న మేనేజరు బట్టతల మీద టంగుమని మోగింది. తందాన బ్యాటు కిందపడేసి ఆ తలను రెండు చేతులా నిమరబోయాడు. "అయ్యో సార్! దెబ్బ గట్టిగా తగిలిందా సార్? నా చేతులు పడిపోనూ!"

"చెయ్యి తియ్యి. అందరూ చూస్తున్నారు" అని మేనేజరు నవ్వు ముఖం పెట్టుకునే కరిచినట్టు అన్నాడు. "నీకు స్వెట్టర్ నేనే కొనిపెడతా."

ఇంతలో మంచినీళ్ళకోసం ఆట ఆపారు. పెద్దసార్ చెమటలు తుడుచుకుంటూ చుట్టూ చూసి, కుర్చీలు దూరంగా ఉండడంతో, పక్కనే ఉన్న బస్తాలు తూచే కాటా మీద కూర్చున్నాడు. ముల్లు గిర్రున తిరిగింది. తిరిగి తిరిగి, ఎక్కడ ఆగకూడదో అక్కడ ఆగింది. అందరూ పైకప్పు చూడడం మొదలుపెట్టారు.

పెద్దసార్ వెనక్కి తిరిగి ముల్లు చూశాడు. ముఖం చిట్లించాడు.

గొడుగు ఒక్క గెంతులో వచ్చాడు. "అది పాడైన కాటా సార్! తప్పు చూపిస్తుంది. తమరు అంత ఎక్కడున్నారు సార్, సగం కూడా ఉండరు."

"తప్పు చూపిస్తుందా? మన కాటానా?" పెద్దసార్ గొంతు మారింది. "దీనికి సీలు ఎవరు వేశారు?"

అన్ని కళ్ళూ తందాన మీద పడ్డాయి. ఆ కాటాను తందాన మొన్ననే చూశాడు. బంగారం తూచొచ్చు దానిమీద. కానీ సీలుదేముంది, రబ్బరు ముక్క. పెద్దసార్ ముఖం ముఖ్యం. "తప్పే సార్, నా పొరపాటే సార్" అని చెప్పేసి కాళ్ళమీద పడిపోదామనుకున్నాడు.

"ఏమోయ్, నిన్నే. ఈ కాటా తప్పేనా?"

తందాన వినయంగా నడుము వంచాడు. పిన్నీసు అందుకోసమే కాచుకున్నట్టు ఈసారి నిండా దిగింది. అతని నోట మాట పడిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పళ్ళు బిగబట్టి తలను అటూ ఇటూ, అటూ ఇటూ ఊపాడు.

"తప్పు కాదా?"

నొప్పి ఇంకా తగ్గలేదు. తందాన ఇంకా గట్టిగా ఊపాడు.

మేనేజరు గోడకు చేరగిలబడిపోయాడు. గొడుగు ముఖంలో పండగ కళ వచ్చింది. పెద్దసార్ మాత్రం కాటా దిగి, తందానను పైనుంచి కిందికి చూశాడు.

"కన్నీళ్ళు పెట్టుకుంటున్నాడయ్యా! తను సీలు వేసిన కాటాను తప్పన్నారని ఏడుస్తున్నాడు!" అని మేనేజరువైపు తిరిగాడు. "నా సంగతి మీకు తెలీదు. నేను ఏ ఊరి ఆఫీసుకెళ్ళినా షటిల్లో గెలుస్తాను. ఇంట్లో నా మనవరాలితో ఆడితే మాత్రం ఒక్క పాయింటు రాదు. దాని వయసు ఏడేళ్ళు. నేను అంత వెర్రివాణ్ణనుకుంటున్నారా? కావాలని ఓడిపోయేవాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నిజంగా ఆడేవాడు ఒక్కడు దొరికితే, వాడి మంచీచెడూ నేనే స్వయంగా చూసుకుంటా."

ఈ మాటలకు మేనేజరు గోడ వదిలేసి నిటారుగా నిలబడ్డాడు. తందానను పెట్టెల వెనక్కి లాక్కుపోయాడు.

"విన్నావుగా. ప్లాను మారింది. గెలవాలి. నేను మొదట్నుంచీ నీకు అదే చెప్పాను, అర్థమైందా?"

"మీరు చెప్పారనే కదా సార్ అంత కసిగా ఆడింది!" అన్నాడు తందాన. అతని ముఖం వెలిగిపోతోంది. ఇక ఇక్కడే ఉండిపోవచ్చు. వేళకు భోజనం, సొంత మంచం. ఇంకొక్క సగం ఆట గెలిస్తే చాలు. అది పెద్ద పనా, ఇప్పటిదాకా ఓడదామనుకుంటూనే అన్ని పాయింట్లు తెచ్చాడు. గెలుద్దామనుకుంటే అడ్డేముంది? ముందు ఈ దిక్కుమాలిన పిన్నీసు పీడ వదిలించుకోవాలనుకుని, దాన్ని పీకి పెట్టెల్లో పోసిన రంపపు పొట్టులోకి విసిరేశాడు.

ఆట మళ్ళీ మొదలైంది. కాక్ మెల్లగా ఊగుకుంటూ తందాన వైపు వచ్చింది. పరిగెత్తాడు, వంగాడు, చెయ్యి చాచాడు, బెత్తెడు ఇవతల గాలిని కొట్టాడు.

ఇంకొకటి వచ్చింది. మళ్ళీ బెత్తెడు ఇవతలే.

అప్పుడు తెలిసొచ్చింది తందానకు. ఇంతసేపూ ఆడింది తను కాదు, పిన్నీసు. తన చేతికి వచ్చిన విద్య ఒక్కటే, అది మూడేళ్ళుగా రక్తంలో ఇంకిపోయింది. కొట్టమని బుద్ధి చెబుతోంది, చెయ్యి వినడం లేదు. పైగా ఆ చేతులు కూడా ఇప్పుడు రెండు లేవు. పిన్నీసు పోగానే పాంటు జారడం మొదలుపెట్టింది. ఎడమచేత్తో నడుము దగ్గర పాంటు, కుడిచేత్తో బ్యాటు పట్టుకుని, కుంటి కొంగలా అటూ ఇటూ గెంతుతున్నాడు.

"బావా, ఆ చెయ్యి తియ్యి! బ్యాలెన్సు పోతుంది!" అని బావమరిది అరిచాడు.

"తీస్తే ఇంకేదో పోతుందిలే" అంది తందాన భార్య, దారం కొరుకుతూ.

మేనేజరు పరిస్థితి ఇంకా హీనంగా ఉంది. రోజూ గెలిచే మనిషికి ఒక్క కాక్ కూడా తగలడం లేదు. "ఏమయ్యా, రోజూ ఇలాంటివి అవలీలగా కొట్టేవాణ్ణి కదా నేను?" అన్నాడు రొప్పుతూ.

"రోజూ మీవైపు ఇలాంటివి వచ్చేవి కావు సార్" అని నోరు జారాడు తందాన.

అవతల గొడుగు కూడా పెద్దసార్ మాట చెవిన వేసుకున్నాడు కాబట్టి నిజాయితీ చూపించడానికి ఉబలాటపడుతున్నాడు. దొరికిన కాక్‌నల్లా మేనేజరు పొట్టకేసి కొడుతున్నాడు. కొట్టిన ప్రతిసారీ వల దగ్గరకు పరిగెత్తుకొచ్చి "క్షమించండి సార్, ఆట కదా సార్" అంటున్నాడు. "రేపు ఆఫీసులో ఆడదాంలే" అని మేనేజరు పొట్ట రుద్దుకున్నాడు.

మొదటి సగంలో పిన్నీసు సంపాదించిపెట్టిందంతా తందాన ఇలా హారతి కర్పూరం చేశాడు. రెండు జట్లూ సమానమయ్యాయి. "చివరి పాయింటు! ఇది ఎవరిదైతే ఆట వాళ్ళది!" అని ప్రకటించాడు బావమరిది. కుర్చీల్లో ఉన్నవాళ్ళు ముందుకు జరిగారు. తందాన కళ్ళముందు మంచు, బూజు పట్టిన చొక్కా, పొయ్యిమీద మాడిన గిన్నె వరసగా కదిలాయి.

గొడుగు కాక్ వేశాడు. మేనేజరు కళ్ళు మూసుకుని బ్యాటు ఊపితే దేవుడి దయవల్ల తగిలింది. గొడుగు దాన్ని తిరిగి ఎత్తుగా లేపాడు. అది పైకప్పు దాకా వెళ్ళి, తిరిగి, తందాన నెత్తికి ఎడమవైపు దిగుతోంది. అటు కుడిచెయ్యి అందదు, బ్యాటు ఎడమచేతికి మార్చుకుని పైకెత్తాలి. ఎత్తితే పాంటు పోతుంది. ఎత్తకపోతే ఉన్న ఊరు పోతుంది.

తందాన చెయ్యి ఎత్తేశాడు.

బ్యాటు కాక్‌కు తగలడం, పాంటు పాదాల మీద కుప్పగా పడడం ఒకేసారి జరిగాయి. దెబ్బేమంత గట్టిది కాదు. కాక్ నీరసంగా వల దాటి పెద్దసార్ ముందుకే వచ్చింది. దోమను కొట్టినట్టు కొడితే సరిపోయేది. కానీ పెద్దసార్ చూపు కాక్ మీద లేదు. వల సందుల్లోంచి ఎర్రచారల డ్రాయరొకటి అతని కంటపడింది. ఆశ్చర్యంతో అతని నోరు బార్లా తెరుచుకుంది. కాక్ తిన్నగా వచ్చి ఆ నోటికి తగిలి, పెదవి గీరి, కాళ్ళ దగ్గర పడింది.

ఆడవాళ్ళందరూ ముఖాలు తిప్పుకున్నారు. తందాన భార్య తిప్పుకోలేదు. "ఆ డ్రాయరు నేను కుట్టింది కాబట్టి నిలబడింది" అంది పక్కావిడతో.

"పాయింటు..." అని మొదలుపెట్టి, బావమరిది తన పాంటువైపు చూసి గుటక మింగాడు. "పాయింటు మా బావదే. గెలిచారు."

చప్పట్లు లేవు. మేనేజరు ఎవరో తెలియనివాడిలా పక్కకు జరిగిపోయాడు. తందాన కిందనున్న పాంటును అందుకోవాలో, పెద్దసార్ కాళ్ళను అందుకోవాలో తేల్చుకోలేక మధ్యలో వంగి ఉండిపోయాడు.

పెదవి మీద చేతిరుమాలు అదుముకుని పెద్దసార్ వల దగ్గరకు వచ్చాడు. "శభాష్!" అన్నాడు. "పరువు పోయినా పాయింటు పోనివ్వలేదు! నా సర్వీసులో ఇలాంటి మనిషిని చూడలేదయ్యా!"

కాసేపటికి అందరూ మేనేజరు గదిలో చేరారు. తందాన నడుముకు సుతిలితాడు చుట్టుకుని, కొత్త పెళ్ళికొడుకులా తలవంచుకుని నిలబడ్డాడు. గొడుగు ఓ మూల బిక్కమొహం వేసుకున్నాడు. పెద్దసార్ పెదవికి ఐసుముక్క పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

"కొండమీది డిపో సంగతి చెబుతా వినండి. అక్కడ కాటాలన్నీ తప్పుడు తూకం. వర్తకులు గోలపెడుతున్నారు. ఎందుకంటే అక్కడి మేనేజరు 'బాగుంది' అంటే ప్రతివాడూ 'బ్రహ్మాండం' అంటాడు. నాకక్కడ ఎవడి ముఖమూ చూడనివాడు కావాలి. కాటా తప్పా అని నేను అడిగితే నా ముఖం మీదే కాదన్నవాడు, పక్కనున్నాడని మేనేజరు నెత్తిని వదలనివాడు, నా మూతి పగులుతుందని చూడనివాడు కావాలి." ఐసుముక్క తీసి తందానవైపు చూపించాడు. "నువ్వు పుట్టిందే దానికోసమోయ్. రేపొద్దున బస్సుకు బయల్దేరు."

తందాన చేతులు జోడించి ముందుకు ఉరికాడు. జీవితంలో మొదటిసారి నోట్లోంచి నిజం తన్నుకుంటూ బయటికొచ్చింది.

"సార్, నేను అలాంటివాణ్ణి కాదు సార్! నేను ఓడిపోదామనే వచ్చాను సార్! రోజూ మేనేజరుగారి దగ్గర ఓడిపోతూనే ఉంటాను, కావాలంటే ఎవరినైనా అడగండి సార్! అదంతా పిన్నీసు సార్, నన్ను పిన్నీసు కుట్టింది సార్!"

పెద్దసార్ మేనేజరు భుజం తట్టాడు. "చూశావా వినయం? గెలిచింది తను కాదట, పిన్నీసట!"

"మొదట్నుంచీ అంతే సార్. ముక్కుసూటి మనిషి. మాబోటివాళ్ళు తట్టుకోలేం" అన్నాడు మేనేజరు, బట్టతల మీద బొప్పిని తడుముకుంటూ.

గొడుగు అప్పటికే లేచాడు. పెద్దసార్ కారెక్కడానికి బయటికి వస్తుంటే గొడుగు తెరిచి నెత్తిన పట్టాడు. బయట వానా లేదు, ఎండా లేదు.

ఇంట్లో తందాన కుర్చీలో కూలబడ్డాడు. భార్య ఒక్క మాట కూడా ఓదార్పుగా అనలేదు. "ఇన్నేళ్ళు కాపురం చేశాను, మీరింత నిజాయితీపరులని నాకెవ్వరూ చెప్పలేదు" అంటూ మిషను ముందు కూర్చుని, ఎవరూ అడగకుండానే రెండు పాంట్లకు కొత్త ఎలాస్టిక్ వేయడం మొదలుపెట్టింది. "కొండమీద గాలి ఎక్కువట."

"నువ్వు కూడా రావే."

"నేనొస్తే మీరు చెప్పే నిజాలకు అడ్డం."

బావమరిది లోపలికి తొంగిచూశాడు. "బావా, కనుక్కొచ్చాను. అక్కడి మేనేజరు షటిల్ ఆడడట."

తందాన ముఖంలోకి కాస్త రక్తం వచ్చింది. "మరేం ఆడతాడు?"

"చదరంగం."

సాయంత్రం బజారు మూసేలోపు తందాన వెళ్ళి ఒక చదరంగం బల్ల కొనుక్కొచ్చాడు. రాజును ఎదుటివాడి చేతిలో అనుమానం రాకుండా ఎలా పెట్టాలో పడుకునేలోపు సగం నేర్చేసుకున్నాడు.